నాలుగు చక్రాల కాపురం

పోయిన బక్రీద్ సెలవులకి మేం నలుగురం కారులో దుబాయ్ వెళ్దామనుకున్నాం. మా బావమరిది వాళ్లు అక్కడే ఉంటారు. 2017 జూన్‌లో మూతపడిన అబూ సమ్రా సరిహద్దు 2021 జనవరిలో మళ్లీ తెరిచినప్పటి నుంచీ మా ఆవిడ ఈ ప్రయాణం గురించి అడుగుతూనే ఉంది, నేను "ఈసారి కాదులే, వచ్చేసారి" అంటూనే ఉన్నాను. మన అల్ ఘర్రాఫాలో బయల్దేరి సల్వా రోడ్డు ఎక్కితే, సరిహద్దు దాటి, సౌదీ ఎడారిలో కొంత దూరం నడిపి, ఘువైఫాత్ దగ్గర ఎమిరేట్స్‌లోకి ప్రవేశించి దుబాయ్ చేరేసరికి సుమారు 700 కిలోమీటర్లు. ఇక తప్పించుకోలేక "సరే" అన్నాను. అనేశాక కారు సంగతి గుర్తొచ్చింది!

మాది నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం కారు. మన భాషలో చెప్పాలంటే ఆల్ వీల్ డ్రైవ్. కొనేటప్పుడు సేల్స్‌మన్ ఇసుక తిన్నెల మీద ఆ కారు ఎగిరే వీడియో చూపించాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో మేం ఇసుకలోకి దిగింది ముచ్చటగా మూడుసార్లు. మిగతా కాలమంతా ఇల్లు, ఆఫీసు, స్కూలు, లులు, మళ్లీ ఇల్లు. సరే, అది వేరే కథ.

ప్రయాణానికి నెల రోజుల ముందు దగ్గర్లో ఉన్న టైర్ల షాపుకి వెళ్లి "ఓసారి చూడు భాయ్" అన్నాను. ఆ కుర్రాడు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ముందు టైరు లోపలి అంచు చూపించాడు. నా గుండె జారింది. బయటి నుంచి చూస్తే గాళ్లు చక్కగా కనిపిస్తున్న ఆ టైరు, లోపలి అంచున బోడిగుండులా నున్నగా ఉంది. రెండో పక్కా అంతే. వెనక టైర్లు మాత్రం సమంగా అరిగాయి, ఇంకా సగం మిగిలున్నాయి. "ముందు రెండూ మార్చెయ్, వెనకవి ఇంకో ఏడాది వస్తాయి" అన్నాడు. నాలుగు టైర్లకి అయ్యే ఖర్చులో సగం మిగిలిందని నాకు సంబరం. మన మధ్యతరగతి బుర్రలకి 'సగం ఖర్చు' అన్న మాట ఎంత తియ్యగా వినపడుతుందో చెప్పాలా! రెండు మార్పించి, బ్యాలెన్సింగ్ చేయించి, ఇంటికొచ్చి ఈ విజయగాథ మా ఆవిడకి వినిపించాను.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని అల్ ఖోర్ బయల్దేరాం. అల్ షమాల్ రోడ్డు మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. తిరిగొచ్చేటప్పుడు డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. ఆల్ వీల్ డ్రైవ్ వ్యవస్థ వేడెక్కిందట! ఇసుకలో గంటసేపు తన్నుకులాడితే వెలగాల్సిన దీపం, తారు రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంతో బుద్ధిగా పోతుంటే ఎందుకు వెలిగినట్టు? పక్కకి ఆపాను. పావుగంట తర్వాత ఆరిపోయింది. ఇంటి దగ్గర పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు కారు బిగుసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, నాలుగైదు రోజులుగా అలాగే చేస్తోంది. నేనే పట్టించుకోలేదు.

మర్నాడు సనాయాకి, అదే ఇండస్ట్రియల్ ఏరియాకి వెళ్లాను. అక్కడ ఒక గ్యారేజీలో జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చిన మెకానిక్ ఉన్నాడు. వయసులో నాకన్నా పెద్ద, గల్ఫ్ అనుభవంలో ఇంకా పెద్ద. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే కార్ల కింద పడుకుని బతుకుతున్నానంటాడు. నేను దీపం గురించి, బిగుసుకోవడం గురించి పాఠం అప్పజెప్పినట్టు చెప్తుంటే ఆయన మాట్లాడకుండా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. నాలుగు టైర్ల మీదా అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"ముంగట కొత్తయి ఎప్పుడు ఏసిన్రు సార్?"

"మూడు వారాలైంది అన్నా."

"రెండే ఏసిన్రా?"

"రెండే."

"గదే సార్ రోగం. కంప్యూటర్ పెట్టి చూసుడు గూడ అవసరం లేదు."

జేబులోంచి చిన్న కొలత పరికరం తీసి గాళ్లలో గుచ్చి చూపించాడు. ముందు టైర్లలో దాదాపు 8 మిల్లీమీటర్ల లోతు. వెనకవాటిలో 4. తేడా నాలుగే నాలుగు మిల్లీమీటర్లు. ఇంత చిన్న తేడాకి అంత పెద్ద కారు వేడెక్కడమేమిటని నాకు నమ్మకం కుదరలేదు. కంప్యూటర్లలో మాస్టర్స్ చేసిన గర్వం కొంచెం అడ్డొచ్చిందని కూడా ఒప్పుకోవాలి. నమ్మించింది ఆయన కాదు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి.

పిల్లలూ, ఈ లెక్క మీ కోసమే. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. మా టైరు పక్కన 225/60 ఆర్ 17 అని రాసుంది. టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు. దాని పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 135 మిల్లీమీటర్లు. లోపలి ఇనుప చక్రం వ్యాసం 17 అంగుళాలు, అంటే 431.8 మిల్లీమీటర్లు. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలిపితే టైరు మొత్తం వ్యాసం 701.8 మిల్లీమీటర్లు. దాన్ని పై విలువతో గుణిస్తే చుట్టుకొలత 2,205 మిల్లీమీటర్లు. అంటే కొత్త టైరు కిలోమీటరుకి సుమారు 454 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్లు అరిగిన టైరు చూద్దాం. పైనా కిందా కలిపి వ్యాసం 8 తగ్గి 693.8 అయింది. చుట్టుకొలత 2,180. కిలోమీటరుకి దాదాపు 459 చుట్లు. కారు బరువుకి టైరు కొంచెం అణుగుతుంది కాబట్టి రోడ్డు మీద అంకెలు కాస్త మారతాయి. అయినా విషయం అర్థమైపోయిందిగా? ముందు చక్రాల కన్నా వెనక చక్రాలు కిలోమీటరుకి ఐదు చుట్లు ఎక్కువ తిరగాలి.

"నాన్నా, దుబాయ్ వెళ్లేసరికి మూడున్నర వేల చుట్లు తేడా వస్తుంది" అంది మా అమ్మాయి. కాలిక్యులేటర్ లేకుండానే!

రెండు చక్రాలకే బలం అందే మామూలు కారుకైతే ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. ముందు చక్రాల దారి ముందువాటిది, వెనకవాటి దారి వెనకవాటిది. ఆల్ వీల్ డ్రైవ్‌లో అలా కాదు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఒక పొడవాటి షాఫ్టు, ఆ షాఫ్టు దారిలో ఒక క్లచ్ ఉంటాయి. మాలాంటి కార్లలో ఆ క్లచ్ మామూలుగా వదులుగా ఉండి, ముందు చక్రం జారిందని కంప్యూటర్ అనుకున్నప్పుడు పలకలు బిగించి వెనక్కి బలం పంపిస్తుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ బలం అందే కార్లలో దాని బదులు మధ్యలో ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. డిఫరెన్షియల్ పని వేరు వేరు వేగాలతో తిరిగే చక్రాలకి సర్దిచెప్పడం. 1820లలో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఆయన ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి కదా, అందుకని. అయితే ఇది మలుపు ఉన్నంతసేపు చేసే పని. నేను దాన్ని నిటారు రోడ్డు మీద కూడా ఊపిరి పీల్చుకోనివ్వలేదు.

మా కారు కంప్యూటర్ పరిస్థితి ఇంకా అన్యాయం. వెనక చక్రాలు వేగంగా తిరుగుతున్నాయని సెన్సర్లు చెప్తున్నాయి. టైర్లు చిన్నవయ్యాయని దానికెవరు చెప్పారు? ఏదో జారుతోందనుకుని క్లచ్ బిగిస్తుంది. బిగించాక కూడా తేడా పోదు. పలకలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ, నూనె మాడుతూ... ఆ దీపం అందుకు వెలిగింది. ఇరవై ఏళ్లుగా క్లయింట్లకి "చెత్త డేటా ఇస్తే చెత్త రిపోర్టే వస్తుంది సార్" అని చెప్పి ఫీజు తీసుకుంటున్నవాణ్ని. నా కారుకి నేనే చెత్త డేటా ఇచ్చాను.

ఎంత తేడా వరకు ఫరవాలేదు? అది కారుని బట్టి ఉంటుంది, మీ కారు మాన్యువల్లో చూసుకోవాలి. చాలా కఠినంగా ఉండేది సుబారు వాళ్లు. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం మించకూడదంటారు. లెక్క వేస్తే అది గాళ్ల లోతులో ఒక్క మిల్లీమీటరు! కొన్ని కంపెనీలు రెండు మూడు మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి. నాలుగంటే చాలామంది ఒప్పుకోరు. లోతు ఒక్కటే కాదు, నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలి. సైజు అంకెలు ఒకటే అయినా రెండు కంపెనీల టైర్లు తూచినట్టు సమానంగా ఉండవు. కొత్త టైర్లు మూడున్నాయి, ఒకటి పగిలిందంటే ఒక్కటే మార్చుకోవచ్చు. మూడూ సగం అరిగి ఒకటి పగిలితే మాత్రం చిక్కే. అమెరికాలో అయితే కొత్త టైరుని యంత్రంతో చెక్కి, పాతవాటి లోతుకి సరిపెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. డబ్బు పెట్టి కొన్న రబ్బరుని చెక్కించి పారేయడం మనవాళ్లకి మనసొప్పుతుందా చెప్పండి!

స్టెప్నీ సంగతి కూడా ఇక్కడే. డిక్కీలో ఉండే సన్నటి చిన్న చక్రం పంక్చర్ షాపు దాకా వెళ్లడానికే, చాలావాటి మీద గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని రాసే ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారుకి దాన్ని తగిలించి సరిహద్దుల దాకా పోవడం అంటే నేను చేసిన తప్పునే ఇంకా పెద్దగా చేయడం.

ఇంతకీ ముందు టైర్ల లోపలి అంచులు ఎందుకు అరిగాయి? నేను ఆ ప్రశ్నే అడగలేదు. జగిత్యాల అన్న అడిగాడు.

"సార్, మీరు బండి యాడ పెడ్తరు?"

ఘర్రాఫాలో ఉండేవాళ్లకి దీని జవాబు తెలుసు. ఒక్కో విల్లాని నాలుగైదు వాటాలు చేసి అద్దెకిస్తారు. నాలుగు వాటాలకి ఆరు కార్లు. సందు ఇరుకు. అందుకని అందరం కుడి పక్క చక్రాలు రెండూ ఫుట్‌పాత్ గట్టు మీదికి ఎక్కించి పెడతాం. రోజుకి రెండుసార్లు, ఏళ్ల తరబడి. ఒక్కోసారి తొందరలో కాస్త గట్టిగానే గుద్దుకుంటుంది.

"ఎప్పటికప్పుడు గట్టుకు గుద్దితే టో పోతది సార్" అన్నాడు. టో అంటే పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా లేదా అన్నది. మన కాళ్లే అనుకోండి. బొటనవేళ్లు బయటికి తిప్పి నడిచేవాళ్ల చెప్పు ఒక పక్కే అరుగుతుంది. మా కారు ముందు చక్రాలు బయటికి చూస్తున్నాయి, అందుకే లోపలి అంచులు అరిగాయి. ఒక్క పక్క గట్టుకి తగిలినా నష్టం రెండు టైర్లకీ పంచుకుంటుంది. నేను కొత్త టైర్లు వేయించినప్పుడు బ్యాలెన్సింగ్ చేయించాను గానీ అలైన్‌మెంట్ చేయించలేదు. ఈ రెండూ ఒకటేననుకునే వాళ్లలో నేనూ ఒకణ్ని. చక్రం బరువు అన్ని వైపులా సమంగా సర్దడం బ్యాలెన్సింగ్. చక్రాల కోణాలు సరిచేయడం అలైన్‌మెంట్. మూడు వారాల వయసున్న కొత్త టైర్ల లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఒక వైపు నిమిరితే నున్నగా, వెనక్కి నిమిరితే రంపంలా గుచ్చుకుంది. అరుగుదల అప్పుడే మొదలైంది.

అరుగుదలని ఆయన డాక్టరు నాడి చూసినట్టు చదువుతాడు. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో నడిపారు. మధ్యలో అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే కోణం తేడా. అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయి. సీలైన్ వైపు ఇసుకలోకి వెళ్లేవాళ్లు టైర్లలో గాలి సగానికి పైగా తీసేస్తారు కదా, టైరు పరుచుకుని ఇసుకలో కూరుకుపోకుండా ఉండటానికి. తిరిగి రోడ్డెక్కేటప్పుడు మళ్లీ పట్టించడం బద్ధకించి అలాగే దోహా దాకా వచ్చేసేవాళ్ల టైర్లు చూస్తే తనకి ఏడుపొస్తుందన్నాడు.

అది ఒట్టి అరుగుదల సమస్య కాదు, ప్రాణాల సమస్య. గాలి తక్కువగా ఉన్న టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది. దానికి మన గల్ఫ్ ఎండ, వేగం, బరువు తోడైతే లోపలి పొరలు విడిపోతాయి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల మీద ఫైర్‌స్టోన్ టైర్ల ఉదంతం పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. అమెరికాలో 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. కానీ అంతకు ఏడాది ముందే, 1999లోనే, సౌదీతో పాటు గల్ఫ్ దేశాల్లో ఫోర్డ్ ఆ టైర్లు మార్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడి వేడికి ఆ జబ్బు ముందే బయటపడింది. గాలి 26 పీఎస్ఐ ఉంటే చాలని ఫోర్డ్, 30 ఉండాల్సిందని ఫైర్‌స్టోన్ ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. నాలుగు పాయింట్ల గాలి గురించి అంత గొడవ!

గాలి కొలవాల్సింది పొద్దున్నే, కారు కదలకముందు. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే అంచున అంటించిన కాగితం మీద ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అంత పట్టించకూడదు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం పెట్రోలు బంకులో కొలిచి "అబ్బో ఎక్కువైంది" అని తీసేయించకండి. నేను అదీ చేశాను.

పిల్లలకి ఇంకో ఆట. పార్కింగ్‌లో టైర్ల పక్కన డీఓటీ అనే అక్షరాలు వెతకండి. ఆ వరస చివర నాలుగు అంకెలుంటే అది టైరు పుట్టినరోజు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు ఆ దిమ్మలతో సమమైందంటే టైరు పని అయిపోయినట్టే. మా అబ్బాయికి ఆరేళ్లు. వాడు ఈ ఆట మొదలుపెట్టిన రోజే మా పక్క వాటా ఆయన టైర్లకి వాడికన్నా రెండేళ్లు వయసెక్కువని కనిపెట్టి, గట్టిగా అరిచి చెప్పాడు. ఆయన మాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు టైర్లు మార్పించాడు.

మళ్లీ మా కారుకొద్దాం. నా అదృష్టం కొద్దీ ముందు టైర్లు ఇంకా కొత్తవే కాబట్టి అదే కంపెనీ, అదే మోడల్ ఇంకో రెండు తెచ్చి వెనక వేస్తే సరిపోయింది. అంటే నేను మిగిల్చాననుకున్న సగం డబ్బు మూడు వారాలు నా జేబులో విశ్రాంతి తీసుకుని వెళ్లిపోయింది. పోతూ పోతూ అలైన్‌మెంట్ ఖర్చు, వెనక క్లచ్ నూనె మార్చిన ఖర్చు వెంటబెట్టుకుపోయింది. తీసిన నూనె నల్లగా, మాడిన వాసనతో ఉంది. ఇంకో రెండు నెలలు అలాగే తిప్పి ఉంటే ఆ క్లచ్ మొత్తం మార్చాల్సి వచ్చేదట. దాని ధర చెప్పాడు. దాంతో మా అమ్మానాన్నల్ని గుంటూరు నుంచి ఇక్కడికి రప్పించి, మళ్లీ పంపించొచ్చు.

నన్ను భయపెట్టింది ఆ ధర కాదు. సౌదీ వైపు ఆ రోడ్డు మీద, పెట్రోలు బంకుకీ బంకుకీ మధ్య, జూన్ మధ్యాహ్నం, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. అక్కడ ఆ దీపం వెలిగి ఉంటే? అల్ ఖోర్ దారిలో వెలిగింది కాబట్టి పావుగంట ఏసీ వేసుకుని కూర్చున్నాం. ఆ రాత్రి మా ఆవిడ ఏమీ అనలేదు. తను ఏమీ అననప్పుడే నాకు ఎక్కువ భయం.

పాత వెనక టైర్లు సగం మిగిలున్నాయి కదా, ఎవరికైనా ఇద్దామా అని అడిగాను. జగిత్యాల అన్న వాటి పుట్టినరోజు చూశాడు. ఏడేళ్లు. పక్క గోడ మీద గోరుతో నొక్కితే సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి. "గీ ఎండకు గాళ్లుండంగనే రబ్బరు సస్తది సార్. ఎవలకు ఇస్తరు? మీ సుట్టాలకు ఇస్తరా?" అన్నాడు. అక్కడే వదిలేశాను. డబ్బులిస్తూ "ముందే మీ దగ్గరికి వచ్చుంటే బాగుండేది అన్నా" అన్నాను. "ముందుగాల ఎవలూ రారు సార్" అని నవ్వి ఇంకో కారు కిందికి దూరాడు. ప్రతి పది వేల కిలోమీటర్లకి నాలుగు టైర్లనీ ముందు వెనకా మార్పించుకోమని, అలా చేస్తే నాలుగూ కలిసే అరుగుతాయని కారు కింద నుంచే కేకేసి చెప్పాడు.

దుబాయ్ వెళ్లొచ్చాం. దీపం వెలగలేదు. దారంతా నా కళ్లు రోడ్డు మీద కన్నా ఆ దీపం మీదే ఎక్కువ ఉన్నాయని మా ఆవిడ ఆరోపణ.

గట్టు మీద పార్కింగ్ మానేశాను. రెండు సందుల అవతల ఖాళీ స్థలంలో పెట్టి నడిచొస్తున్నాం. జూలైలో రెండు చేతులా లులు సంచులు పట్టుకుని ఆ రెండు సందులు నడిచేటప్పుడు "ఏవండీ, ఆ టో ఏదో ఈ ఒక్క రోజుకి పోనిద్దురూ" అంటుంది తను. శుక్రవారం పొద్దున ఆరున్నరకి గాలి కొలిచే మీటరు పట్టుకుని మా అమ్మాయి ముందు, స్కేలు పట్టుకుని మా అబ్బాయి వెనక. నాలుగు అంకెలూ ఒక పాత నోటుబుక్కులో రాస్తారు. పోయిన వారం కుడి వెనక చక్రంలో రెండు పాయింట్లు తక్కువొచ్చాయి. వెతికితే మేకు దొరికింది.